సర్జికల్ స్టీల్: 17 ఏళ్ల తర్వాత కార్కస్ ఇంత గట్టిగా ఎలా నిలబడింది? ఒక పాట కవర్‌కి సెటప్ సాయం కూడా కావాలి

మూడోఫ్రెట్ అడిగింది:

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్ డెత్ మెటల్ బ్యాండ్ కార్కస్ 2013లో తెచ్చిన 'సర్జికల్ స్టీల్' ఆల్బమ్ మీద నాలుగు సందేహాలు. తెలిసినవాళ్లు దేనికి జవాబిచ్చినా సంతోషమే.

ఒకటి. 1996 నాటి 'స్వాన్‌సాంగ్' తర్వాత వచ్చిన స్టూడియో ఆల్బమ్ ఇదే. మధ్యలో 17 ఏళ్లు. అయినా వింటుంటే వాళ్ల పాత ఆల్బమ్‌లు 'నెక్రొటిసిజం', 'హార్ట్‌వర్క్' రెండింటికీ మధ్యలో ఎప్పుడో రికార్డు చేసి దాచిపెట్టినట్టు ఉంది. ఇందులో నిజంగా వాయించింది ఎవరు? కొందరు పాత గిటారిస్టు మైఖేల్ ఆమట్ ఉన్నాడంటారు, కొందరు తర్వాత వచ్చిన గిటారిస్టు బెన్ ఆష్ అంటారు.

రెండు. ఈ ఆల్బమ్‌లోని 'క్యాప్టివ్ బోల్ట్ పిస్టల్' పాటకి కవర్ మొదలుపెట్టాం, అంటే మేమే వాయిస్తున్నాం. రెండు గిటార్లు, నాలుగు స్ట్రింగ్స్ బేస్, డ్రమ్స్. గిటార్లు రెండూ 24.75 అంగుళాల స్కేల్ (స్ట్రింగ్ మోగే పొడవు), వాటి మీద 10-46 సెట్ (సన్నని, లావు స్ట్రింగ్స్ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో). అన్ని స్ట్రింగ్స్‌నీ ఐదు అరస్వరాలు దించి బి స్టాండర్డ్‌కి తెచ్చాం. కింది స్ట్రింగ్ (అన్నిటికన్నా లావుది) చప్పిడిగా ఊగిపోతోంది. పిక్ తగిలిన క్షణంలో శ్రుతి పైకి ఎగిరి మళ్లీ దిగుతోంది. మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గర గరగర. మూడో స్ట్రింగ్ విడిగా ట్యూనర్‌లో సరిగానే చూపిస్తుంది, కార్డ్‌లో మాత్రం అపశ్రుతి. మెడ వంపుని సరిచేసే ట్రస్ రాడ్ తిప్పాలా?

మూడు. ఈ ఆల్బమ్ శైలిలో జంట లీడ్ (రెండు గిటార్లు ఒకే రాగాన్ని వేర్వేరు ఎత్తుల్లో వాయించడం) సాధన కోసం రెండో గిటార్‌కి పిచ్ షిఫ్టర్ (శ్రుతిని జరిపే పరికరం) పెట్టి మూడు అరస్వరాలు పైకి సెట్ చేశాం. కొన్ని చోట్ల అద్భుతంగా కలుస్తోంది, కొన్ని చోట్ల గుచ్చుకుంటోంది. కారణం తెలియడం లేదు.

నాలుగు. '316ఎల్ గ్రేడ్ సర్జికల్ స్టీల్', 'నాన్‌కంప్లయన్స్ టు ఏఎస్‌టీఎం ఎఫ్ 899-12 స్టాండర్డ్' అనే పేర్లలోని నంబర్లు నిజమైనవేనా, లేక పాట కోసం కల్పించినవా?

---

పాత_క్యాసెట్ జవాబు:

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను.

ఆల్బమ్‌లో గిటార్లన్నీ బిల్ స్టీర్ ఒక్కడివే. రిథమ్, లీడ్, జంట లీడ్‌లో రెండు గొంతులూ అతనివే. బేస్, ప్రధాన గాత్రం జెఫ్ వాకర్. డ్రమ్స్ డాన్ వైల్డింగ్. అంటే రికార్డు చేసింది ముగ్గురే. బెన్ ఆష్ 2013లోనే చేరాడు కానీ అప్పటికే రికార్డింగ్ అయిపోయింది, కాబట్టి అతన్ని వేదిక మీద చూశాం, ఈ ఆల్బమ్‌లో వినం. ఆమట్ కూడా ఇందులో లేడు. అయోమయం ఎక్కడ మొదలైందంటే, 2008లో బ్యాండ్ మళ్లీ వేదికెక్కినప్పుడు ఆమట్, డ్రమ్స్ మీద డేనియల్ అర్లాండ్‌సన్ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ ఆర్చ్ ఎనిమీ వాళ్లు. ఆ బ్యాండ్ పని చూసుకోవడానికి 2012లో ఇద్దరూ తప్పుకున్నారు. కొత్త పాటల రికార్డింగ్ ఆ తర్వాతి సంగతి.

అసలు డ్రమ్మర్ కెన్ ఓవెన్ సంగతి తెలియకపోతే ఈ ఆల్బమ్ సగమే అర్థమవుతుంది. 1985లో లివర్‌పూల్‌లో స్టీర్‌తో కలిసి ఈ బ్యాండ్ మొదలుపెట్టింది అతనే. 1999లో మెదడులో రక్తస్రావమై చాలాకాలం కోమాలో ఉన్నాడు. బతికి బయటపడ్డాడు కానీ ఆ వేగంతో డ్రమ్స్ వాయించే శక్తి తిరిగి రాలేదు. పునఃకలయిక కచేరీల్లో వేదిక మీదికి వచ్చి కాసేపు వాయించేవాడు. 'సర్జికల్ స్టీల్'లో నేపథ్య గాత్రాల్లో అతని గొంతు ఉంది. మొదటి ట్రాక్ పేరు '1985' అని ఊరికే పెట్టలేదు. బ్యాండ్ పుట్టిన ఏడాది అది, ఆ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) కూడా ఆ తొలి రోజుల నాటిదే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ నిమిషం పైచిలుకు వినండి. డబుల్ గిటార్ల రాగం మెల్లగా పైకి లేస్తుంది, ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వకుండా 'థ్రాషర్స్ అబటార్' మీద పడుతుంది. ఆ పాట రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ఇన్నేళ్ల తర్వాత తిరిగొచ్చిన బ్యాండ్ పొడుగాటి ఉపోద్ఘాతంతో మొదలుపెట్టకుండా ఇంత క్లుప్తంగా తలుపు బద్దలుకొట్టడం నాకు చాలా నచ్చిన నిర్ణయం. పొడుగు పాటని చివరికి దాచారు: 'మౌంట్ ఆఫ్ ఎక్సిక్యూషన్' ఎనిమిది నిమిషాలు దాటుతుంది, అకూస్టిక్ గిటార్‌తో మొదలవుతుంది. మొత్తం 11 ట్రాక్‌లు, సుమారు 47 నిమిషాలు.

ఇక అది పాత కాలపు రికార్డులా ఎందుకు వినిపిస్తుందంటే, నా లెక్కలో మూడు కారణాలు. రికార్డింగ్ దగ్గర కూర్చున్నది నిర్మాత కోలిన్ రిచర్డ్‌సన్. 'సింఫనీస్ ఆఫ్ సిక్‌నెస్' (1989), 'నెక్రొటిసిజం' (1991), 'హార్ట్‌వర్క్' (1993) చేసిన చెవులే అవి. మిక్స్ మాత్రం ఆండీ స్నీప్ పూర్తి చేశాడు, అందుకే డ్రమ్స్ అంచులు 2013 నాటివిగా పదునుగా ఉంటాయి. రెండోది, ఎడమ కుడి రెండు వైపులా స్టీర్ కుడిచెయ్యే. ఇద్దరు వాద్యకారులు ఎంత సాధన చేసినా పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో స్ట్రింగ్‌ని అణచడం) వదిలే క్షణంలో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒకే చెయ్యి రెండుసార్లు వాయిస్తే ఆ తేడా కూడా ఒకే స్వభావంతో ఉంటుంది, గోడ కట్టినట్టు నిలబడుతుంది. మూడోది వైల్డింగ్. వీళ్లకన్నా ఒక తరం చిన్నవాడు. తన వేగం చూపించుకోవడానికి రాలేదు. ఓవెన్ పాత రికార్డుల్లో పెట్టిన ఒడుదొడుకుల్ని, రిఫ్ మధ్యలో నడక మార్చే అలవాటుని అర్థం చేసుకుని వాయించాడు.

ఇదే కాలంలో తిరిగొచ్చిన వాళ్లు చాలామంది. సెల్టిక్ ఫ్రాస్ట్ 1990 తర్వాత 2006లో 'మొనోథీస్ట్'తో, గోర్‌గట్స్ 2001 తర్వాత 2013లో 'కలర్డ్ శాండ్స్'తో, ఎట్ ద గేట్స్ 1995 తర్వాత 2014లో 'ఎట్ వార్ విత్ రియాలిటీ'తో, పొసెస్డ్ అయితే 1986 ఆల్బమ్ తర్వాత 2019లో. సెల్టిక్ ఫ్రాస్ట్, గోర్‌గట్స్ తమ పాత రూపాన్ని వదిలి కొత్త చోటికి వెళ్లి నెగ్గారు. కార్కస్ చేసింది అంతకన్నా కష్టమని నేనంటాను. పాత చోటికే తిరిగి వెళ్లి, పాత రిఫ్‌ని తిరిగి అమ్ముకోకుండా నెగ్గారు. 'నెక్రొటిసిజం'లో ఉన్న మెలికలు, 'హార్ట్‌వర్క్'లో ఉన్న రాగం ఒకే పాటలో కూర్చోబెట్టడం ఆ రోజుల్లో వాళ్లకే ఇంత బాగా కుదరలేదు.

వినే వరుస అడిగితే: 'నెక్రొటిసిజం', 'హార్ట్‌వర్క్', ఆ వెంటనే 'సర్జికల్ స్టీల్', దాని రికార్డింగ్‌లో మిగిలిన పాటలతో 2014లో వచ్చిన ఈపీ (చిన్న ఆల్బమ్) 'సర్జికల్ రెమిషన్', తర్వాత 2021 నాటి 'టోర్న్ ఆర్టరీస్'. 'స్వాన్‌సాంగ్' లేకపోయినా లోటేమీ లేదు.

---

లోబి జవాబు:

గిటార్ సంగతి నేను చెబుతాను. ముందుగా ఒక్క మాట: ట్రస్ రాడ్ ఇప్పుడు ముట్టుకోవద్దు. ఎందుకో కింద లెక్క చూస్తే తెలుస్తుంది.

కార్కస్ బి స్టాండర్డ్‌లోనే వాయిస్తుంది, కాబట్టి మీ ట్యూనింగ్ సరైనదే. కింది నుంచి బి, ఇ, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి. తప్పు స్ట్రింగ్స్‌ది. ఒకే స్ట్రింగ్‌ని దించితే దాని బిగువు ఫ్రీక్వెన్సీ వర్గం చొప్పున పడిపోతుంది. ఇ అంటే 82.4 హెర్ట్జ్, బి అంటే 61.7. నిష్పత్తి 0.75, దాని వర్గం 0.56. అంటే ఒక్క దెబ్బకి 44 శాతం బిగువు పోయింది. మీ స్కేల్ మీద 0.046 అంగుళం స్ట్రింగ్ ఇ దగ్గర సుమారు 7.5 కిలోల బిగువుతో ఉంటుంది, బి దగ్గర 4.2 కిలోలే. మీరు చెప్పిన నాలుగు లక్షణాలూ ఇక్కడినుంచే వచ్చాయి. వదులు స్ట్రింగ్‌ని పిక్‌తో కొడితే ఎక్కువ దూరం ఊగుతుంది, ఊగిన క్షణంలో సాగి శ్రుతి పైకి వెళ్తుంది. మొత్తం ఆరు స్ట్రింగ్స్ లాగుడు సుమారు 44 కిలోల నుంచి 25కి పడేసరికి మెడ వెనక్కి వాలింది, అందుకే మొదటి ఫ్రెట్ల దగ్గర గరగర. మూడో స్ట్రింగ్ చుట్టు లేని 0.017. అది వదులయ్యాక వేలు కొంచెం గట్టిగా నొక్కినా శ్రుతి పెరిగిపోతుంది. విడిగా మెత్తగా నొక్కినప్పుడు సరిగ్గా చూపించి, కార్డ్‌లో నాలుగు వేళ్లు బిగించినప్పుడు తప్పేది అందుకే.

మందు: బారిటోన్ లైట్ పేరుతో దొరికే 13-62 సెట్. గేజ్‌లు 13, 17, చుట్టు ఉన్న 26, 36, 46, 62. 24.75 స్కేల్ మీద బి స్టాండర్డ్‌లో కింది స్ట్రింగ్ సుమారు 7.7 కిలోలు, మొత్తం మళ్లీ 44 కిలోల దగ్గరికే వస్తుంది. అంటే మెడ ఎక్కడినుంచి కదిలిందో అక్కడికే తిరిగి వస్తుంది. ఇప్పుడు వదులు స్ట్రింగ్స్ మీద రాడ్ తిప్పి సరిచేస్తే, కొత్త సెట్ వేశాక అదే తిప్పుడు మీకు ఎదురు తిరుగుతుంది. 12-56 సెట్ కూడా కొందరు వాడతారు. 56 మీద సుమారు 6.3 కిలోలు వస్తుంది, పర్వాలేదు. కానీ అందులో మూడో స్ట్రింగ్ చుట్టు లేనిదైతే మీ కార్డ్ సమస్య పూర్తిగా పోదు. ప్యాకెట్ వెనక చూసి కొనండి.

స్ట్రింగ్స్ అన్నీ ఒకేసారి విప్పకండి. ఒకటి తీసి ఒకటి వేయండి, లేకపోతే బ్రిడ్జ్, టెయిల్‌పీస్ ఊడి చేతికొస్తాయి.

అసలు పని నట్ దగ్గర ఉంది, అంటే హెడ్‌స్టాక్ దగ్గర స్ట్రింగ్స్ ఆనే గాళ్ల పట్టీ. 46 కోసం కోసిన గాడిలో 62 దిగదు. పైన అంచుల మీద కూర్చుంటుంది. గుర్తు ఏమిటంటే, ట్యూనర్ తిప్పుతుంటే శ్రుతి కదలదు, కదలదు, ఉన్నట్టుండి 'టిక్' మని చిన్న శబ్దం వచ్చి ఒక్కసారి గెంతుతుంది. స్ట్రింగ్ గాడిలో ఇరుక్కుని జారిందన్నమాట. కింది నాలుగు గాళ్లూ వెడల్పు చేయించాలి: స్ట్రింగ్ మందం కన్నా అంగుళంలో వెయ్యో వంతులు రెండు మూడు ఎక్కువ చాలు. లోతు పెంచకూడదు, స్ట్రింగ్ మందంలో సగం గాడి పైకి కనిపించాలి. గాడి వాలు హెడ్‌స్టాక్ వైపు కొద్దిగా కిందికి ఉండాలి. ఫ్రెట్‌బోర్డ్ వైపు అంచు మీదే స్ట్రింగ్ ఆనాలి. వాలు తిరగబడితే ఓపెన్ స్ట్రింగ్ సితార్‌లా జీరగా మోగుతుంది, దాన్ని ఫ్రెట్ గరగర అనుకుని రోజులు పాడుచేసుకుంటారు. నట్ ఫైళ్లు లేకపోతే రిపేరు చేసేవాళ్ల దగ్గరికి కొత్త సెట్ పట్టుకెళ్లి ఇవ్వండి. అయ్యాక గాళ్లలో పెన్సిల్ ముల్లు రుద్దితే గ్రాఫైట్ పట్టి స్ట్రింగ్ సాఫీగా జారుతుంది.

స్ట్రింగ్స్ వేసి ఒక రాత్రి వదిలేసి, అప్పుడు కొలవండి. మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ రెండూ నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి: 0.25 మిల్లీమీటరు దగ్గర ఉంటే రాడ్ జోలికి వెళ్లక్కర్లేదు. తేడా ఉంటే ఒక్కసారికి పావు చుట్టు, అంతకు మించి వద్దు. 12వ ఫ్రెట్ మీద కింది స్ట్రింగ్ ఎత్తు 2 మిల్లీమీటర్లు, పైది 1.6. చివరగా ఇంటొనేషన్, అంటే పై ఫ్రెట్ల దగ్గర కూడా శ్రుతి సరిగ్గా పలికేలా చూడటం. లావు స్ట్రింగ్‌కి శాడిల్ (బ్రిడ్జ్ మీద స్ట్రింగ్ ఆనే ముక్క) వెనక్కి పోవాలి. చోటు చాలకపోతే ఆ శాడిల్‌ని తీసి తిప్పి వేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు కలిసొస్తుంది.

బేస్ గురించి మీరు అడగలేదు కానీ అదీ అంతే. ఐదు స్ట్రింగ్స్ సెట్ 45-130 కొని, సన్నని 45 పక్కన పెట్టి 65, 85, 105, 130 వేయండి. బి, ఇ, ఎ, డి. నట్ అక్కడా కోయాల్సిందే.

ధ్వని విషయం: గెయిన్ (ఆంప్‌లో ధ్వనిని గరుకు చేసే నాబ్) మీరు అనుకున్నదానికన్నా తగ్గించండి. ఆంప్ ముందు ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉంటే డ్రైవ్ సున్నా, లెవెల్ బాగా పైకి. అది కింది ఫ్రీక్వెన్సీలని కోసి పిక్ దెబ్బని ముందుకు తెస్తుంది. మిడ్స్ (మధ్య ఫ్రీక్వెన్సీలు) తీసేయొద్దు. ఈ బ్యాండ్ గిటార్ ధ్వనికి మాంసమంతా అక్కడే ఉంది. రికార్డు చేస్తే రెండు వేర్వేరు టేక్‌లు వాయించి ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి పూర్తిగా కుడికి. ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడితే అది మోనోనే, శబ్దం పెరుగుతుంది తప్ప వెడల్పు రాదు.

---

డబుల్_బాస్ జవాబు:

లోబి గారు అన్నీ చెప్పేశారు. జంట లీడ్, డ్రమ్స్ నేను పూరిస్తాను.

మీ పిచ్ షిఫ్టర్ లెక్క తప్పింది. జంట లీడ్ అంటే అన్ని స్వరాలకీ ఒకే దూరం కాదు, స్కేల్‌లో మూడో మెట్టు. స్వరాల్లో చెబితే తేలిగ్గా పట్టుబడుతుంది. సహజ మైనర్ స్కేల్ అంటే మన నఠభైరవి: స, చతుశ్రుతి రి, సాధారణ గ, శుద్ధ మ, ప, శుద్ధ ధ, కైశికి ని. ఒక గిటార్ స వాయిస్తే రెండోది గ, రి వాయిస్తే మ, అలా. ఇప్పుడు దూరాలు లెక్కపెట్టండి. స-గ మూడు అరస్వరాలు, రి-మ మూడు, మ-ధ మూడు, ప-ని మూడు. కానీ గ-ప నాలుగు, ధ-స నాలుగు, ని-రి నాలుగు. షిఫ్టర్ అన్నిటికీ మూడే ఇస్తుంది. ఏడింటిలో నాలుగు కలిశాయి, మూడు గుచ్చుకున్నాయి. గ దగ్గర ప బదులు ప్రతి మధ్యమం, ధ దగ్గర పై స బదులు కాకలి నిషాదం, ని దగ్గర చతుశ్రుతి బదులు శుద్ధ రిషభం పడుతున్నాయి. మూడూ రాగంలో లేనివే. మీకు వినబడుతున్న ముల్లు అదే.

స్కేల్ ఎంచుకునే వీలున్న హార్మొనైజర్ అయితే కీ, మైనర్ అని పెట్టుకోవచ్చు. అయినా మీకు ఇద్దరు గిటారిస్టులు ఉన్నారు కదా, రెండో గొంతు చేత్తో నేర్చుకోండి. బెండింగ్, విబ్రాటో షిఫ్టర్‌తో చేస్తే రెండూ యంత్రంలా ఒకేలా ఊగుతాయి. ఇద్దరు వాయిస్తే ఊగుడులో ఉండే చిన్న తేడాయే ఆ ధ్వనికి ప్రాణం. రిఫ్ ఏడో స్వరం పైకి పెరిగిన చోట, అంటే కాకలి నిషాదం తగిలిన చోట, స్కేల్ కీరవాణికి మారిందని గుర్తుపెట్టుకుని జంట స్వరాన్ని కూడా మార్చాలి. ఇంకో పొరపాటు: రెండు లీడ్‌లూ ఒకే ఎత్తు శబ్దంతో పెట్టడం. కింది గొంతు పాట, పై గొంతు దాని నీడ. పైదాన్ని ఒక పిసరు తగ్గించండి.

డ్రమ్మర్‌కి: బ్లాస్ట్ అంటే కిక్, స్నేర్, సింబల్ ఆగకుండా అతివేగంగా కొట్టడం. మామూలు బ్లాస్ట్‌లో కిక్, స్నేర్ ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. హ్యామర్ బ్లాస్ట్‌లో రెండూ కలిసి పడతాయి. 200 టెంపోలో మామూలు బ్లాస్ట్ అంటే స్నేర్ మీద సెకనుకి దాదాపు ఏడు దెబ్బలు. సాధన 120 దగ్గర మొదలుపెట్టి, రెండు నిమిషాలు భుజం బిగుసుకోకుండా నిలబెట్టగలిగాకే 5 పెంచండి. ఎక్కువమంది చేసే తప్పు, సింబల్‌ని స్నేర్ కన్నా గట్టిగా కొట్టడం. గదిలో హుషారుగా ఉంటుంది, రికార్డింగ్‌లో స్నేర్ మాయమై సింబల్ హోరు ఒక్కటే మిగులుతుంది. సింబల్ చెయ్యి సగం ఎత్తు నుంచి, స్నేర్ చెయ్యి పూర్తి ఎత్తు నుంచి. ఇంకా ముఖ్యంగా, పాటంతా బ్లాస్ట్‌తో నింపొద్దు. ఈ ఆల్బమ్‌లో నడక మారే చోట్లే రిఫ్ కరుస్తుంది. పాటని 60 శాతం వేగంతో విని, నడక మారిన ప్రతి బార్‌నీ కాగితం మీద గుర్తుపెట్టుకోండి. తర్వాతే కర్రలు పట్టుకోండి.

---

ఉక్కు_గ్రేడు జవాబు:

నాలుగో ప్రశ్న నాది. నంబర్లు రెండూ అసలైనవే, వాకర్ సరిగ్గానే వాడాడు.

316ఎల్ ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ గ్రేడ్. ఇనుములో క్రోమియం 16 నుంచి 18 శాతం, నికెల్ 10 నుంచి 14, మాలిబ్డినం 2 నుంచి 3. 'ఎల్' అంటే కార్బన్ తక్కువ, 0.03 శాతం మించకూడదు. మామూలు 316లో 0.08 దాకా ఉండొచ్చు. ఆ కాస్త తేడాకి ఇంత పట్టింపు ఎందుకంటే, వెల్డింగ్ చేసినప్పుడు ఉక్కు సుమారు 450 నుంచి 850 డిగ్రీల సెల్సియస్ మధ్య కాసేపు ఉంటుంది. ఆ వేడిలో కార్బన్ పక్కనున్న క్రోమియాన్ని లాక్కుని రేణువుల సరిహద్దుల్లో కార్బైడ్‌గా పేరుకుంటుంది. సరిహద్దు పక్కన క్రోమియం తరుగుతుంది. స్టెయిన్‌లెస్‌ని తుప్పు నుంచి కాపాడే పలుచని పొర క్రోమియం వల్లే ఏర్పడుతుంది కాబట్టి, పైకి నిగనిగలాడుతూనే లోపల రేణువుల వెంబడి తుప్పు పాకుతుంది. కార్బన్ తగ్గిస్తే ఆ దోపిడీ జరగదు. మాలిబ్డినం పని వేరు: ఉప్పు నీళ్లలో ఉండే క్లోరైడ్ సూదిమొన రంధ్రాలు పొడవకుండా అడ్డుకుంటుంది. రక్తమూ ఉప్పు నీళ్లే. అందుకే ఎముకలకి బిగించే ప్లేట్లకీ స్క్రూలకీ ఈ కుటుంబపు ఉక్కు వాడతారు. మన వంటింటి గిన్నెల మీద కనిపించే 304లో ఈ మాలిబ్డినం ఉండదు.

ఒక మెలిక ఉంది. 316ఎల్‌ని వేడిచేసి చల్లార్చి గట్టిపరచడం కుదరదు. అందుకని కోసే పరికరాలకి అది పనికిరాదు, అంచు నిలవదు. కత్తెరలూ కత్తుల బ్లేడ్లూ చేసేది 420, 440 రకాలతో. కార్బన్ ఎక్కువ, వేడిచేసి చల్లారిస్తే గట్టిపడతాయి. బదులుగా తుప్పుని తట్టుకునే శక్తి తగ్గుతుంది. చేతిలో పరికరం ఉంటే అయస్కాంతం పెట్టి చూడండి: 420 అంటుకుంటుంది, 316ఎల్ దాదాపు అంటుకోదు. ఆల్బమ్ కవర్ మీద వృత్తాకారంలో పేర్చిన శస్త్రచికిత్స పరికరాలు ఉంటాయి కదా, ఇయాన్ టిల్టన్ తీసిన ఫొటో. 1992లో వచ్చిన 'టూల్స్ ఆఫ్ ద ట్రేడ్' ఈపీ కవర్‌ని గుర్తుచేస్తుంది. అలాంటి పళ్లెంలో కోసేవన్నీ సాధారణంగా 420 జాతివే. ఒంట్లో ఉండిపోయేవే 316ఎల్ జాతి.

ఏఎస్‌టీఎం ఎఫ్ 899 అంటే శస్త్రచికిత్స పరికరాల కోసం వాడే స్టెయిన్‌లెస్ స్టీళ్లకి రాసిన ప్రమాణం. చివరి 12 అంటే 2012లో సవరించిన ప్రతి. ఆల్బమ్ వచ్చింది 2013 సెప్టెంబరులో. అంటే పాట పేరులో పెట్టింది అప్పటికి కొత్త ప్రతి. ఆ శ్రద్ధే ఈ బ్యాండ్. మొదట్లో వైద్య నిఘంటువు ముందు పెట్టుకుని పాటలు రాసినవాళ్లు, పాతికేళ్ల తర్వాత ప్రమాణ పత్రాల దాకా వచ్చారు.

మీరు వాయించే పాట పేరు కూడా నిజమైన పరికరానిదే. కబేళాలో పశువుని కోసేముందు స్పృహ తప్పించడానికి నుదుటికి ఆనించి కొట్టేది. తూటా బయటికి రాదు. తూటా లేని మందు కార్ట్రిడ్జో గాలి ఒత్తిడో ఉక్కు ముల్లుని ముందుకు తోస్తుంది, పుర్రెలోకి దిగి మళ్లీ గొట్టంలోకే వస్తుంది. వాకర్, స్టీర్ శాకాహారులని తెలిస్తే ఈ మాంసం పదజాలమంతా ఎటు గురిపెట్టిందో అర్థమవుతుంది. 'ద మాస్టర్ బుచర్స్ ఏప్రన్' కూడా అలాగే. బ్రిటిష్ జెండాని తిట్టేవాళ్లు దాన్ని కసాయి ఏప్రన్ అంటారు. ఆ పేరు చదవగానే లివర్‌పూల్ వాళ్లకి జెండా కనబడుతుంది, మనకి మాంసం కొట్టు కనబడుతుంది.

---

డబుల్_బాస్ మళ్లీ:

పాత_క్యాసెట్ గారూ, 'స్వాన్‌సాంగ్' లేకపోయినా లోటు లేదన్న మాట ఒప్పుకోలేను. కొలంబియా రికార్డు కంపెనీతో ఒప్పందం చెడి, బ్యాండ్ విడిపోయాక ఇయరేక్ కంపెనీ చేతిమీదుగా వచ్చిన ఆల్బమ్ కాబట్టి దానికి చెడ్డపేరు ముందే రాసిపెట్టి ఉంది. కానీ 'సర్జికల్ స్టీల్'లోని 'ఎ కంజీల్డ్ క్లాట్ ఆఫ్ బ్లడ్' నడక చూడండి. మధ్యస్థ వేగంలో బరువుగా అడుగులేస్తూ, రిఫ్‌కి చోటిచ్చి, మెడ ఊగేలా చేసే ఆ పద్ధతి 'హార్ట్‌వర్క్'లో కొంచెమే ఉంది, 'స్వాన్‌సాంగ్'లో నిండా ఉంది. ఆ ఆల్బమ్ నేర్పింది లేకపోతే 'సర్జికల్ స్టీల్' 47 నిమిషాలూ ఒకే వేగంతో పరిగెత్తి మధ్యలో అలిసిపోయేది.

పాత_క్యాసెట్:

ఆ పాట విషయంలో మీ మాట నిజం, అది నేను తూచలేదు. వరుసలో మాత్రం దాన్ని చివరికే పెడతాను. 'హార్ట్‌వర్క్' వెంటనే వింటే చెవి నిరాశపడి దాని మంచిని కూడా తోసేస్తుంది. 'సర్జికల్ స్టీల్' తెలిసిన చెవితో వెనక్కి వెళ్లి వింటే మీరు చెప్పిన నడక దొరుకుతుంది.

---

మూడోఫ్రెట్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పిచ్ షిఫ్టర్ ముల్లు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. 13-62 తెప్పిస్తున్నాం, నట్ పని బయట చేయిస్తాం. ఇంకొక్కటి: క్లిప్ ట్యూనర్ కింది బి దగ్గర నిలకడగా చూపించడం లేదు, ముల్లు అటూ ఇటూ కొట్టుకుంటోంది. ట్యూనర్ పాడైందా?

లోబి:

ట్యూనర్ బాగానే ఉండి ఉంటుంది. 61.7 హెర్ట్జ్ మూలస్వరం హెడ్‌స్టాక్ దగ్గర బలహీనంగా ఉంటుంది, పైన ఉపస్వరాలే బలంగా ఉంటాయి. క్లిప్ ట్యూనర్ వాటి మధ్య తడబడుతుంది. గిటార్ టోన్ నాబ్ పూర్తిగా తగ్గించి, మెడ దగ్గరి పికప్ పెట్టి, కేబుల్ ద్వారా పెడల్ ట్యూనర్‌కి ఇవ్వండి. 12వ ఫ్రెట్ మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి హార్మోనిక్ మోగించి చూడండి, 123.5 దగ్గర ముల్లు నిలుస్తుంది. స్ట్రింగ్‌ని మెత్తగా మీటి చేస్తే ఒక శ్రుతి, పాటలో కొట్టే బలంతో చేస్తే ఒక శ్రుతి వస్తుంది. పాటలో కొట్టే బలంతోనే కొట్టి, మొదటి ఎగురు తగ్గాక ఒక సెకను ఆగి చదవండి. శ్రుతికి ఎప్పుడూ కింది నుంచి పైకి రండి. పైనుంచి దించి ఆపితే నట్ దగ్గర మిగిలిన వదులు మొదటి రిఫ్‌లోనే జారిపోతుంది.